మిషన్లకు చల్లదనం సరే, మరి నీళ్ల లెక్క ఏది?



ఈసారి డేటా సెంటర్ల గురించి రాస్తున్నా. "అది హైదరాబాద్ వాళ్ల ముచ్చట గదా తమ్మీ, మనకెందుకు" అని పక్కకు జరపకండి. మా ఇంట్లో కూలర్ కథతో మొదలుపెడతా. అక్కడి నుంచి పాలసీ దాకా దారి దగ్గరే.

మాది తాండూరు దగ్గర ఒక తండా. రేకుల ఇల్లు. మే నెలలో మధ్యాహ్నం ఇంట్లో కూర్చుంటే నెత్తి మీద పెనం బోర్లించినట్టే ఉంటుంది. ఆ టైముకు యాడి లేచి రంజన్‌కు చుట్టిన గోనెసంచి మీద చెంబుడు నీళ్లు చల్లుతుంది. తర్వాత కూలర్‌లోకి తొంగి చూసి, "బిందె తే బేటా, మల్ల తాగేసింది" అంటుంది. డిగ్రీ చదివే రోజుల్లో ఎండాకాలం సెలవులంటే నాకు ఆ బిందె మోసుడే.

మా తండాలో ట్యాంకర్ నీళ్లకు ఒక వరుస ఉంది. ముందు తాగడానికి, వంటకు. తర్వాత గొడ్లకు, మేకలకు. ఏమన్నా మిగిలితే కూలర్‌కు. ఈ వరుసను ఎవరూ కాగితం మీద రాయలేదు. కానీ ఎవరూ తప్పరు.

పక్క ఊరి కిరాణా షాపు ఆయన ఏసీ పెట్టించుకున్నాడు. ఆయనకు నీళ్ల బాధ లేదు గానీ, కరెంటు బిల్లు చూసి నెత్తి పట్టుకున్నాడు. కూలర్‌కు కరెంటు తక్కువ, నీళ్లు ఎక్కువ. ఏసీకి నీళ్లు వద్దు, కరెంటు ఎక్కువ. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. డేటా సెంటర్ల కూలింగ్ పాలసీ అంతా దీని చుట్టే తిరుగుతుంది.

మన గడపకు ఎంత దగ్గర

మీరు పంపే ఫొటో, కొట్టే యూపీఐ, చూసే వీడియో గాల్లో ఉండవు. ఎక్కడో ఒక పెద్ద హాలులో వరుసగా పేర్చిన కంప్యూటర్ల మీద నడుస్తాయి. ఆ హాలే డేటా సెంటర్. ఆ కంప్యూటర్లు తీసుకునే కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని రాత్రీపగలూ బయటికి తోడకపోతే మిషన్లు ఆగిపోతాయి. అందుకే కూలింగ్.

వికారాబాద్ జిల్లా సరిహద్దుకు ఎంతో దూరం లేని షాబాద్ మండలం చందనవెల్లి పేరు మీరు వినే ఉంటారు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2020 నవంబర్‌లో తెలంగాణలో 20,761 కోట్ల రూపాయల డేటా సెంటర్లు పెడతామని ప్రకటించినప్పుడు చెప్పిన మూడు చోట్లలో అది ఒకటి. 2022 నవంబర్‌లో అవి పనిచేయడం మొదలైంది. అదే సంవత్సరం మార్చిలో మైక్రోసాఫ్ట్ కూడా హైదరాబాద్ చుట్టుపక్కల తన డేటా సెంటర్ల సమూహాన్ని ప్రకటించింది. 2025 జనవరిలో దావోస్‌లో అమెజాన్ మరో 60 వేల కోట్లు అన్నది. అటు ఆంధ్రలో 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖకు 15 బిలియన్ డాలర్లు ప్రకటించింది. అంటే ఇది ఆగే బండి కాదు. హైదరాబాద్ పడమర వైపు పెరుగుతోంది. ఆ పడమర చివర ఉన్నది మనమే.

ప్రభుత్వాలు ఈ బండికి దారి ఎప్పుడో వేశాయి. తెలంగాణ 2016లోనే డేటా సెంటర్ పాలసీ తెచ్చింది. రెండు గ్రిడ్ల నుంచి కరెంటు, కోతలు లేని సరఫరా అందులో ఇచ్చిన హామీలు. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో డేటా సెంటర్లకు మౌలిక సదుపాయాల హోదా ఇచ్చారు. రోడ్లకు, రేవులకు ఉన్నట్టే వాటికీ సులువుగా అప్పు దొరుకుతుంది. చల్లదనం మీద కేంద్రానికి వేరే ప్రణాళిక ఉంది: 2019 మార్చిలో వచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్. 2037-38 నాటికి కూలింగ్‌కు అయ్యే కరెంటు అవసరాన్ని 25 నుంచి 40 శాతం తగ్గించాలని దాని లక్ష్యం. మంచి లక్ష్యమే. కానీ ఆ శాతాల్లో నీళ్ల శాతం లేదు.

కరెంటు పొదుపుకు మనం వ్యతిరేకం కాదు

డేటా సెంటర్ ఎంత పొదుపుగా నడుస్తుందో చెప్పడానికి పీయూఈ అనే కొలత వాడతారు. లెక్క తేలిక. మొత్తం సెంటర్‌కు వచ్చిన కరెంటును, అందులో కంప్యూటర్లు వాడుకున్న కరెంటుతో భాగిస్తారు. పీయూఈ 1.6 అంటే కంప్యూటర్లకు 10 యూనిట్లు పోతే, కూలింగ్‌కూ మిగతా వాటికీ ఇంకో 6 యూనిట్లు పోతున్నట్టు. 1.3 అంటే ఆ ఆరు మూడయినట్టు.

ఉదాహరణకు 10 మెగావాట్ల కంప్యూటర్లున్న సెంటర్ అనుకోండి. పీయూఈ 1.6 నుంచి 1.3కు దిగితే 3 మెగావాట్లు మిగులుతాయి. సంవత్సరానికి 2.6 కోట్ల యూనిట్లు. బొగ్గు కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గు పడుతుంది. అంటే ఒక్క సెంటర్ దగ్గర ఏడాదికి 18 వేల టన్నుల బొగ్గు భూమిలోనే ఉంటుంది.

ఆ బొగ్గు ఎవరి భూమిలో ఉంది? కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు. గోదావరి లోయలో కోయల నేల. కరెంటు ఎక్కడ తయారవుతుంది? 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం మణుగూరు దగ్గర ఏజెన్సీలోనే ఉంది. 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో కృష్ణ ఒడ్డున ఉంది. అక్కడా అడవి భూమి పోయింది, లంబాడీల సాగు పోయింది. కాబట్టి "కరెంటు పొదుపు చేయండి" అనే మాట ముందుగా చెప్పాల్సిన వాళ్లమే మనం. హాలులో వృథా అయ్యే ప్రతి యూనిట్ వెనక అన్నదమ్ముల ఊరు ఒకటి ఉంటుంది.

మరి తకరారు ఎక్కడ?

పీయూఈ అంటే కరెంటు బిల్లు మాత్రమే. కరెంటు బిల్లు ఒక్కటే చూస్తే మా ఇంటి కూలర్ గొప్పది, షాపాయన ఏసీ చెడ్డది. బిందె మోసినవాడిని అడిగితే కదా రెండో సంగతి తెలిసేది.

నీళ్ల లెక్క చేద్దాం, కాగితం తీసుకోండి

డేటా సెంటర్లలోనూ ఈ రెండు దారులే ఉన్నాయి. ఒకటి నీళ్లను ఆవిరి చేసి వేడిని పంపేది, అంటే కూలర్ దారి. రెండోది నీళ్లు ఆవిరి కాకుండా గాలికి వేడిని వదిలేది, అంటే ఏసీ దారి. ఆవిరి దారిలో పీయూఈ అందంగా కనిపిస్తుంది. పేపర్లో "ఇంధన పొదుపు కేంద్రం" అని వస్తుంది.

ఒక యూనిట్ కరెంటు వేడిగా మారితే, ఆ వేడిని ఆవిరి ద్వారానే పంపాలంటే దాదాపు లీటరున్నర నీళ్లు పోతాయి. ఇంటర్‌లో చదువుకున్న ఫిజిక్సే, ఏ కంపెనీ రహస్యమూ కాదు. 1 మెగావాట్ అంటే గంటకు వెయ్యి యూనిట్లు. గంటకు 1,500 లీటర్లు. రోజుకు 36 వేల లీటర్లు. మన దగ్గర తిరిగే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. 10 మెగావాట్లయితే రోజుకు 72 ట్యాంకర్లు.

ఇది పై హద్దు లెక్క అని నిజాయితీగా చెప్తున్నా. చలికాలం రాత్రుళ్లు బయటి గాలే చల్లగా ఉంటుంది కాబట్టి నీళ్లు తక్కువ పడతాయి. కానీ ఎండాకాలంలో, సరిగ్గా మన బోర్లు ఎండే రోజుల్లోనే, ఆ మిషన్లకు దప్పిక ఎక్కువ.

ఇంకో లెక్క చూడండి. మిషన్ భగీరథలో పల్లెకు పెట్టుకున్న కొలత మనిషికి రోజుకు 100 లీటర్లు. అంటే ఆవిరి దారిలో నడిచే 10 మెగావాట్ల హాలు ఒకటి, ఎండాకాలం రోజున 3,600 మంది నీళ్లు తాగగలదు. ఎన్ని తండాలు కలిస్తే 3,600 మంది అవుతారో మీరే లెక్కపెట్టండి.

"నువ్వు లేనిపోనివి చెప్తున్నవ్" అనేవాళ్ల కోసం కంపెనీ లెక్కే ఇస్తా. కూలింగ్‌కు నీళ్లు ఆవిరి చేయని కొత్త డిజైన్‌కు 2024 ఆగస్టు నుంచి మారామని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది డిసెంబర్‌లో ప్రకటించింది. నీళ్లను ఒకసారి నింపి, పైపుల్లో తిప్పుతూనే ఉంటారు. దీనివల్ల ఒక్కో సెంటర్‌లో ఏడాదికి 12.5 కోట్ల లీటర్లకు పైగా నీళ్లు మిగులుతాయని వాళ్లే చెప్పారు. రోజుకు చూస్తే దాదాపు 3.4 లక్షల లీటర్లు, 68 ట్యాంకర్లు. మిగిలేదే అంత అంటే పాత పద్ధతిలో పోయేది ఎంతో మీకు అర్థమై ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఇందులో ఉంది: నీళ్లు తాగకుండా డేటా సెంటర్ నడపడం సాధ్యమే. కాబట్టి "వేరే దారి లేదు" అనే మాట ఇక ఎవరూ మనకు చెప్పొద్దు.

రెండో వైపు కూడా చూడాలి

ఇక్కడే మన ఉద్యమాలు కొన్నిసార్లు తొందరపడతాయి. "అయితే నీళ్లు బంద్ చేసి అంతా ఏసీ పెట్టుమందాం" అంటాం. ఆగండి. ఏసీకి పోయే ఎక్కువ కరెంటు కూడా నీళ్లు తాగే పుడుతుంది. 2015 డిసెంబర్‌లో కేంద్రం థర్మల్ కేంద్రాలకు పెట్టిన హద్దు యూనిట్‌కు 3.5 లీటర్లు. ఇందాక చెప్పిన 2.6 కోట్ల యూనిట్లకు ఆ లెక్కన 9 కోట్ల లీటర్లకు పైగా. అంటే ఇక్కడి నీళ్లు మిగిల్చామని సంబరపడితే, దామరచర్ల దగ్గరో మణుగూరు దగ్గరో నీళ్లు పోతాయి, బొగ్గు కూడా పోతుంది.

మూసీ మన అనంతగిరిలో పుట్టి, హైదరాబాద్ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ వాడపల్లి ఉన్నదీ దామరచర్ల మండలంలోనే, యాదాద్రి కేంద్రం ఉన్న మండలంలోనే. ఒకే ఏరు. పుట్టిన చోట నీళ్లు తీయడమా, కలిసిన చోట తీయడమా అన్నట్టు మనల్ని మనతోనే కొట్లాడిపించే లెక్క ఇది. ఆ ఉచ్చులో మనం పడొద్దు.

దారి లేదా అంటే ఉంది. కొన్ని పనులకు నీళ్లూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. హాలులో వేడిగాలి, చల్లగాలి కలవకుండా మధ్యలో అడ్డం పెట్టడం మొదటిది. హాలును మంచుగడ్డలా ఉంచకుండా ఉండటం రెండోది. ఆష్రే అనే ఇంజినీర్ల సంఘం సర్వర్లకు లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని చెప్తుంది. 27తో నడిచే మిషన్‌ను 20లో పెట్టడం అంటే దుప్పటి కప్పుకుని ఏసీ వేసుకున్నట్టే. చలికాలం రాత్రుళ్లు బయటి గాలిని వాడుకోవడం మూడోది. రాష్ట్రంలో చలి ఎక్కువ పడే చోట్లలో మన మర్పల్లి పేరు ఏటా వినిపిస్తుంది గదా. ఒకప్పుడు క్షయ రోగుల కోసం అనంతగిరి మీద ఆసుపత్రి కట్టింది కూడా ఈ చల్లగాలి చూసే.

అప్పటికీ నీళ్లు ఆవిరి చేయక తప్పదంటే, ఏ నీళ్లు అన్నది ప్రశ్న. హైదరాబాద్‌లో రోజుకు 125 కోట్ల లీటర్లకు పైగా సామర్థ్యంతో 31 కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలు తలపెట్టారు. మూసీ మన దగ్గర ఊటగా పుట్టి అక్కడ మురుగవుతుంది. ఆ మురుగును శుద్ధి చేసి మిషన్లకు ఇవ్వండి. మన ఊట జోలికి, మన బోరు జోలికి రావద్దు. ఇంత చిన్న మాట ఇది.

మనల్ని అడిగే రోజు లేకుండా పోతోంది

ఇప్పుడు అసలు భయం చెప్తా. సిమెంటు ఫ్యాక్టరీకి పొగ గొట్టం కనిపిస్తుంది. తాండూరులో బట్టలు ఆరేసిన ప్రతి ఇల్లాలికీ దుమ్ము అంటే ఏమిటో తెలుసు. బండల పాలిష్ యూనిట్ల తెల్ల నీళ్లు కళ్లకు కనిపిస్తాయి. డేటా సెంటర్‌కు పొగ గొట్టం లేదు. డీజిల్ జనరేటర్లు నడిచినప్పుడు తప్ప పొగా లేదు. "కాలుష్యం లేని పరిశ్రమ" అని బోర్డు పెడితే నమ్మేస్తాం. నీళ్లు పోయేది కనిపించదు.

చట్టం కూడా దాన్ని చూడట్లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో డేటా సెంటర్ అని వేరే వరుస లేదు. 20 వేల చదరపు మీటర్లు దాటితే అది మామూలు భవన నిర్మాణం కింద లెక్క. భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని అదే నోటిఫికేషన్ చెప్తుంది. అపార్ట్‌మెంట్‌ను చూసినట్టే దాన్నీ చూస్తారన్నమాట.

మనకు ఇంకో కవచం కూడా లేదు. మన జిల్లా ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. ఏజెన్సీలో అన్నదమ్ములకు కాగితం మీదైనా పెసా ఉంది. మనకు అదీ లేదు. మనకు ఉన్నది మామూలు గ్రామసభ ఒక్కటే.

మన జిల్లాకు అడగకుండా చేసే పనుల ఫలితం తెలియనిది కాదు. 2024 నవంబర్ 11న లగచర్లలో ఫార్మా విలేజ్ భూసేకరణ మీద అభిప్రాయాలు తీసుకునే రోజు ఏం జరిగిందో, ఆ తర్వాత తండాల మగవాళ్లు ఎన్ని రోజులు జైల్లో ఉన్నారో, ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయి ఎట్లా గోడు చెప్పుకున్నారో రాష్ట్రమంతా చూసింది. ఆ నెలాఖరులో ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి పోయింది. ఇండస్ట్రియల్ పార్క్ అనే కొత్త మాట వచ్చింది. రేపు జిల్లాలో ఎక్కడైనా ఏ పార్క్‌లోనైనా డేటా సెంటర్ అంటే, "పొగ లేదు గదా, ఇంకేం బాధ" అని ముందే నోరు మూయించొచ్చు. అందుకే అడగాల్సిన ప్రశ్న ఇప్పుడే నేర్చుకుందాం.

ప్రశ్న అడిగితే ఫలితం ఉంటుందా అంటే ఉంటుంది. చిలీ దేశంలో శాంటియాగో పక్కన సెరియోస్ అనే చోట గూగుల్ డేటా సెంటర్ మీద అక్కడి జనం ఏళ్ల తరబడి అడిగింది నీళ్ల ప్రశ్నే. 2024లో అక్కడి పర్యావరణ కోర్టు భూగర్భ జలాల మీద వాతావరణ మార్పు ప్రభావాన్ని మళ్లీ చూడమన్నది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కంపెనీ ఆ ప్రాజెక్టును మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టి, గాలితో చల్లబరిచే పద్ధతికి మారతామని చెప్పింది. యూరప్‌లో 500 కిలోవాట్లు దాటిన డేటా సెంటర్లు కరెంటుతో పాటు నీళ్ల లెక్క కూడా ఏటా చెప్పాలని 2024లో నిబంధన పెట్టారు. జర్మనీ 2023లో చట్టమే చేసింది: 2026 జూలై తర్వాత మొదలయ్యే సెంటర్లు పీయూఈ 1.2కు దిగాలి, వదిలే వేడిలో కొంత తిరిగి వాడుకోవాలి. మనలాగే ఉక్కపోత ఉన్న సింగపూర్ 2023లో వేడి దేశాల డేటా సెంటర్ల కోసం ప్రత్యేక ప్రమాణం తెచ్చి, హాలు ఉష్ణోగ్రతను 26 డిగ్రీలు, ఆపైకి పెంచుకొమ్మన్నది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

చల్లదనం ఎవరికి?

ఆ 2019 కేంద్ర ప్రణాళికలో ఒక మంచి మాట ఉంది. చల్లదనం, ఒంటికి హాయి అందరికీ అందాలి అని. "అందరికీ" అంటే రేకుల ఇల్లు కూడా అనే కదా?

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత, తెల్ల పలకలు వేసే పద్ధతి. ఈ పని చేసిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి, మెచ్చుకోవాలి. అంతకుముందు 2017లో హైదరాబాద్ బస్తీలో పేదల ఇళ్ల మీద పైలట్ చేస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. కానీ పాలసీలో ప్రైవేటు ఇళ్లకు తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆపై ప్లాట్లకు. అంతకన్నా చిన్నవాటికి మీ ఇష్టం అన్నారు. తండాలో 600 గజాల బంగళా ఎవరికుంది? ఇష్టం అంటే పూత డబ్బులు ఎవరివి? సర్వర్‌కు 27 డిగ్రీలు దాటితే గంట మోగుతుంది. ఎండాకాలం పరీక్షలప్పుడు గిరిజన హాస్టల్ గదిలో ఎన్ని డిగ్రీలుందో కొలిచే థర్మామీటర్ కూడా లేదు. నేను అట్లాంటి గదిలోనే చదివిన. తడి తువ్వాల నెత్తి మీద వేసుకుని చదివిన.

మనం అడిగేది ఇది

ఒకటి. రెండు మీటర్లు పెట్టాలి. పీయూఈ పక్కనే నీళ్ల కొలత కూడా. నెలనెలా, సెంటర్ వారీగా అందరికీ కనిపించేలా తెలుగులో పెట్టాలి. సంవత్సరం సగటు చెప్పి ఎండాకాలం దాచొద్దు.

రెండు. కూలింగ్‌కు మంచినీళ్లు, బోరు నీళ్లు వద్దు. శుద్ధి చేసిన మురుగునీరు, లేదంటే నీళ్లు ఆవిరి కాని పద్ధతి. రాయితీలు దీనికి ముడిపెట్టాలి. నీళ్ల లెక్క చెప్పనివాళ్లకు రాయితీ ఎందుకు?

మూడు. భవనం పేరుతో తప్పించుకోకుండా, డేటా సెంటర్ల నీళ్ల అంచనా, కరెంటు అంచనా ముందు గ్రామసభలో పెట్టాలి. 2018లో 500 జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలు అయ్యాయి. పేరుకే పంచాయతీ కాదు, మాటకూ పంచాయతీ కావాలి.

నాలుగు. ఏ మండలంలో జనం ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నారో, ఆ మండలంలో మిషన్ల కోసం నీళ్లు ఆవిరి చేయడం ఆ రోజుల్లో ఆపాలి.

ఐదు. గిరిజన హాస్టళ్లు, అంగన్‌వాడీలు, తండాల రేకుల ఇండ్లకు ప్రభుత్వ ఖర్చుతో కూల్ రూఫ్ వేయాలి. డేటా సెంటర్ల నుంచి వచ్చే డబ్బులో కొంత దీనికి పెట్టొచ్చు.

ఆరు. కేంద్ర ప్రణాళికలో లక్ష మంది కూలింగ్ టెక్నీషియన్లకు శిక్షణ అన్నారు. ఆ శిక్షణ మన జిల్లా ఐటీఐల్లో మన పిల్లలకు ఇవ్వాలి. కట్టేటప్పుడు కూలి, కట్టాక గేటు దగ్గర వాచ్‌మన్, ఈ రెండే మన ఉద్యోగాలు కావొద్దు.

"మీరూ ఫోన్ వాడుతున్నరు గదా" అని ఎవరన్నా అంటారు. అవును, వాడుతున్నాం. ఈ వ్యాసం మీకు చేరిందీ ఏదో ఒక హాలులోని కంప్యూటర్ మీద నుంచే. బస్సెక్కినోడు డ్రైవర్‌ను "బండి మెల్లగా నడుపు అన్నా" అనకూడదా? ఎక్కినోడికే ఆ హక్కు ఎక్కువ.

మీరు చేయాల్సిన పని చిన్నదే. వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం పెట్టించండి: మా పంచాయతీ పరిధిలో, చుట్టుపక్కల ఏ పెద్ద పరిశ్రమకైనా నీళ్ల లెక్క ముందు మాకు చెప్పాలి అని. సమాచార హక్కు కింద భూగర్భ జల శాఖకు దరఖాస్తు పెట్టి, మీ మండలంలో గత ఐదేళ్ల నీటి మట్టాలు తీసుకోండి. 2002 నాటి వాల్టా చట్టం మన చేతిలో ఉంది, పెద్ద బోరు కనిపిస్తే తహసీల్దార్‌ను అనుమతి కాగితం అడగండి. ఇంటర్ చదివే పిల్లలతో పైన చెప్పిన లెక్క చేయించండి. లెక్క చేతికొచ్చినోణ్ని మాటలతో మాయ చేయలేరు.

మొన్న ఈ సంగతులన్నీ యాడికి చెప్పిన. అంతా విని ఒక్కటే అడిగింది: "ఆ మిషన్ల దగ్గర నీళ్లకు వరుస ఉందా బేటా? ముందు ఎవరికి, తర్వాత ఎవరికి?"

పాలసీ రాసేవాళ్లు మా తండాకు వస్తే ఆ వరుస చూపిస్తాం. ముందు మనుషులకు. తర్వాత గొడ్లకు. మిగిలితే కూలర్‌కు. దాన్ని పాలసీ మొదటి పేజీలో రాయండి, అంతే.